కొంగుముడిలో అల

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నల్గొండ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు, మా బ్యాచ్ కంప్యూటర్‌లోని సిగ్నల్ జనరేటర్ మాడ్యూల్‌ను పొరపాటున చెరిపేసింది నేనే. అది లేకపోతే తెరమీద అల పుట్టదు, మా పరీక్ష జరగదు.

మర్నాడు తెరమీద గీత కదలకుండా పడుకుంది. బ్యాచ్ అంతా కంగారుగా తెర చుట్టూ మూగింది. ల్యాబ్ అటెండరమ్మ మాత్రం నవ్వుతూ కొంగుముడి విప్పింది. అందులో తాళంచెవితో పాటు ఎప్పుడూ ల్యాబ్ ప్రోగ్రాముల నకళ్లున్న పెన్‌డ్రైవ్ ఒకటి ఉండేది. దాంట్లోంచి మాడ్యూల్ మళ్లీ ఎక్కించింది. తెరమీద అల లేచి స్పీకర్‌లో దాని కూత రాగానే, అలవాటు ప్రకారం దానికి శ్రుతి కలిపి కూనిరాగం తీసింది.

“పలికింది! ఇగ కూసోని రాసుకోండ్రి.”

వీడ్కోలు రోజున ఆమె నా చెవి దగ్గరకు వంగింది.

“గా మాడ్యూల్ నువ్వే తీసేసినవని నాకెరుకే బిడ్డా. అందరు తెర దిక్కు చూస్తుంటే, నువ్వొక్కదానివే నా కొంగు దిక్కు చూసినవ్.”