కెన్యా కొండ మీద పదకొండు తుమ్ములు

మలేసియాలోని బంటింగ్‌లో సుగుమారన్‌ను ఆపడానికి ట్రాఫిక్ లైటు అక్కర్లేదు, ఒక్క తుమ్ము చాలు. బయల్దేరే వేళ ఒంటి తుమ్ము వినబడిందా, తుమ్మింది మనిషైనా పిల్లి అయినా సరే, ఆయన అక్కడికక్కడే కూర్చుంటాడు. ఒక గుక్క మంచినీళ్లు తాగి, పక్కనున్నవాళ్లందరి చేతా తాగించి గానీ లేవడు.

ఆయనతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన గుణవతికి ఈ తుమ్ముల వల్ల తప్పిపోయిన క్లాంగ్ టౌనుకెళ్లే బస్సులకు లెక్కే లేదు. కూతురు మోహనప్రియ పెళ్లి రిజిస్టరయ్యే రోజున, సరిగ్గా సంతకం వేళకు ఆఫీసరు తుమ్మాడు. సుగుమారన్ పెళ్లికొడుకు చేతిలోని పెన్ను లాగేసుకున్నాడు. "అందరూ కూసోండి లా!" అంటూ మలేసియావాళ్ల అలవాటుగా ‘లా’ తగిలించి, ఆఫీసరుకూ నీళ్ల సీసా అందించాడు. ఆ మలాయ్ పెద్దమనిషి మర్యాదస్తుడు. మారుమాటాడకుండా రెండు గుక్కలు తాగాడు. గుణవతికి బల్ల కింద దూరాలనిపించింది.

అలాంటి గుణవతి ఆఫ్రికా వెళ్లి కెన్యా కొండ ఎక్కుతానంది. రోజూ పొద్దున్న కలిసి నడిచే నాగవల్లి పకపకా నవ్వింది.

"మోకాలు కోయించుకున్నదానివి, నీకు కొండేటక్కా? సగం దార్లో కూలబడిపోతావు!"

"ఒక్కసారి కూసుంటే నన్నడుగు," అని పదిమంది ముందు పంతం పట్టింది గుణవతి. కొండంటే ఆమెకు భయం లేదు. మొగుడు కూడా వస్తాననడంతోనే గుండె జారింది.

అనుకున్నంతా అయింది. విమానం ఎక్కే వరసలో వెనకెవరో తుమ్మారు. సుగుమారన్ పెట్టె మీద కూర్చుండిపోయాడు.

"మావా, లాస్ట్ కాల్ లా! లెగు!"

"బస్సయితే రోడ్డు మీదుంటాది. ఇది గాల్లోకెల్లేది, ఓలే. తాగు."

కొండ చుట్టూ ఉన్న అడవి పార్కులో మూడు రోజులు నడిచారు. నాలుగో రోజు తెల్లారాక శిఖరానికి బయల్దేరేముందు గైడు మ్వాంగి ఖండితంగా చెప్పాడు. "పది దాటితే మబ్బు కమ్మేస్తుంది. ఎక్కడున్నా సరే, వెనక్కి తిప్పేస్తాను."

వంద అడుగులు వేశారో లేదో, "హాచ్చి!" ఈసారి తుమ్మింది సుగుమారనే.

"గుణా, కూసో. నీళ్లు తాగు."

"తుమ్మింది నువ్వు! నానెందుకు కూసోవాలి?"

"దోసానికి నీది నాది అనుంటాదేటి? కూసో."

తుమ్ముకు కూర్చుంటే పంతం పోయినట్టు కాదని మనసుకు సర్దిచెప్పుకుని కూర్చుంది. మళ్లీ నడక, మళ్లీ "హాచ్చి!" పదకొండో తుమ్ముకు తొమ్మిదిన్నర దాటింది.

"మావా! ఈ కొండ నాకందలేదో, బంటింగెల్లాక నీకన్నం ఎవలొండుతారో సూసుకో!"

"ముందు తాగు."

పదికి రెండు నిమిషాలుందనగా గుణవతి శిఖరం మీది బోర్డును రెండు చేతులా పట్టుకుంది. ఫోటో తీస్తూ మ్వాంగి నవ్వాడు.

"మేడమ్, మీకు ఊపిరి అందనప్పుడల్లా ఆపుదామని నేను నోరు తెరిచేలోపే ఆయన తుమ్మేవారు. మీ మొహం చూసి మరీ తుమ్మేవారు. మీరు అలా కూర్చుంటూ రాకపోతే ఎనిమిదింటికే దింపేసేవాణ్ణి."

గుణవతి మెల్లగా మొగుడివైపు తిరిగింది. "దొంగ తుమ్ములా?"

సుగుమారన్ ఎదుటి కొండల్ని చాలా శ్రద్ధగా చూశాడు. "అన్నీ కాదు లా. మూడు నిజమే."

తిడదామని నోరు తెరిచి, ఆయన చేతిలోని సీసా లాక్కుని తనే ఒక గుక్క తాగింది.

దిగేటప్పుడు చూసింది, ఆయన కాళ్లు గడగడ వణుకుతున్నాయి. అడిగితే, "నాకేటి? గుర్రంలాగున్నాను" అన్నాడు. గుణవతి ఇంకో నాలుగడుగులు వేసి, ఓ రాతి మీద చతికిలబడింది.

"ఏటయిందే?"

"ఏటీ అవలేదు. నీలాగ దొంగ తుమ్ములు నాకు రావు. ఉత్తినే కూసున్నాను. నువ్వూ కూసో."

ఆ మాట పూర్తయ్యేలోపే సుగుమారన్ కూర్చున్నాడు.