డెక్‌కి పారాణి

ఇంటి వెనక చెక్క డెక్ మీద పాత రంగు పెచ్చులు లేచింది. ఆదివారం అక్కడే మనవరాలి ఓణీల ఫంక్షన్. రంగు వదలగొట్టే స్ట్రిప్పర్ల గురించి వీడియోలు చూసి నేర్చుకున్నాను: పల్చటి రంగుకి ఘాటు తక్కువది, పెయింట్‌లా మందంగా ఉంటే ఘాటుది. అదీ పని చేయకపోతే మోకాళ్ల మీద కూర్చుని గీకడమే. నా మోకాళ్లు అందుకు ఒప్పుకోవు కనక ఘాటుదే తెచ్చి, ఈ ఉదయం ఒక మూల పూసి చూశాను.

పాత రంగు కదల్లేదు. మూలంతా ఎర్రటి మరకలు మాత్రం తేలాయి. ఏటా మా ఆవిడ ఆవకాయ కలిపే చోటది. చెక్కలో ఇంకిన పసుపుకి ఈ స్ట్రిప్పర్‌లోని క్షారం తగిలింది, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టు. మా పెళ్లిలో ఆవిడ కాళ్లకీ ఇదే ఎరుపు... సరే, వద్దులెండి.

"డెక్‌కి పారాణి పెట్టారేంటండీ? ఓణీలు పిల్లకా, దీనికా?" అంది ఆవిడ.

"స్ట్రిప్పర్ టెస్ట్ చేశానే."

"చాల్లెండి సంబడం!"

నీళ్లు కొట్టి, నిమ్మకాయ పిండింది. ఎరుపు మళ్లీ పసుపైంది. "ఇంక దాన్ని ముట్టుకోకండి. ఆదివారం జంపఖానాలు పరిచేద్దాం."

ఆ మాట నిన్ననే అనొచ్చుగా! స్ట్రిప్పర్ డబ్బాకి మూత పెట్టేశాను. మోకాళ్లు దక్కాయి, చాలు.

మీ డెక్‌ల మీద ఏ స్ట్రిప్పర్ పని చేసిందో చెప్పండి. మా ఆవిడకి మాత్రం వినపడకుండా.