కోతలరాయుడికి సాక్షి

కోతలరాయుడి నోటికి విశ్రాంతి దొరికేది సముద్రం అడుగునే. స్కూబా గొట్టం పళ్ళ మధ్య ఉన్నంతసేపే అతనికి మౌనం. పైకొచ్చి దాన్ని పీకేసిన మరుక్షణం, అడుగున చూసిన జానెడు ఆక్టోపస్ కాస్తా బారెడయ్యేది.

ఇరవై ఏళ్ళుగా అతను పగడపు దిబ్బల మీదికి జనాన్ని తీసుకెళ్ళి చేపలు చూపిస్తున్నాడు. అతను పనిచేసే డైవింగ్ కొట్టులో ఒక లావుపాటి పుస్తకం ఉంది. అరుదైనదేదైనా కనబడితే అందులో రాయాలి, జతగా దిగిన మనిషి సంతకం పెట్టాలి. సంతకం లేనిదాన్ని యజమాని అడ్డంగా కొట్టేస్తాడు. ఎక్కువ కొట్టివేతలు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటివాడు ఈసారి నిజంగానే చూశాడు. దిబ్బ పక్క ఇసుక బొరియలో వేలెడు మగచేప, నోటి నిండా గుడ్లు పెట్టుకుని, తిండీతిప్పలూ మానేసి కాపలా కాస్తోంది. మధ్యమధ్య గుడ్లను బయటికి ఉమ్మి, నీళ్ళాడించి, మళ్ళీ లోపలికి లాక్కుంటోంది. గుడ్లలో పిల్లల కళ్ళు వెండిచుక్కల్లా మెరుస్తున్నాయంటే రేపో మాపో పొదగడం పూర్తవుతుంది. పిల్లల్ని వదిలే ఆ క్షణం చూసినవాళ్ళు కొట్టులో ఎవరూ లేరు. ఒక్కసారంటే ఒక్కసారి తన మాట ఆ పుస్తకంలో నిలవాలని అతని ప్రాణం కొట్టుకుపోయింది.

సాక్షిగా వదిన్ని ఎంచుకున్నాడు. ఆవిడ అదే కొట్టులో సిలిండర్లు నింపుతుంది, డైవింగ్ దుస్తులు కడుగుతుంది. అన్న పోయాక నీళ్ళలోకి దిగడం మానేసింది. అతని మాట నమ్మనివాళ్ళలో ఆవిడే మొదటిది, కాబట్టి ఆవిడ సంతకాన్ని ఎవరూ కాదనలేరు.

“మగచేప నోట్లో పెట్టుకుని సాకుతోందా?” అంది వదిన సిలిండర్ బిగిస్తూ. “మీ అన్నయ్య పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోమంటేనే కాళ్ళు తిమ్మిరనేవాడు.”

“వచ్చి చూడు వదినా. అబద్ధమైతే నెల్లాళ్ళు నోరెత్తను.”

ఆ ఆశతోనే దిగిందంటారు.

పొద్దువాలే వేళ ఇద్దరూ బొరియకు కాస్త దూరంలో ఇసుక మీద మోకాళ్ళూని కూర్చున్నారు. చేప కదలదు. వదినకు విసుగొస్తుందేమోనని అతనికి బెంగ. నిమిషానికోసారి ఆవిడవైపు తిరిగి, వేలితో బొరియ చూపిస్తాడు. చూస్తున్నానులే అన్నట్టు ఆవిడ చెయ్యి విదిలిస్తుంది. అలా ఇంకోసారి తిరిగినప్పుడు, అద్దం వెనక ఆవిడ కళ్ళు ఇంతింతలయ్యాయి, బుడగలు గుప్పుమన్నాయి. ఎన్నాళ్ళుగానో చూడని ముఖం అది. అతను గిరుక్కున తిరిగేసరికి బొరియలో చేప ఖాళీ నోటితో ఆవులిస్తోంది.

పడవెక్కాక వదిన ఆగకుండా చెప్పింది. పొగ ఊదినట్టు ఊదిందట, వందల పిల్లలు వెండిధూళిలా పైకి లేచిపోయాయట.

కొట్టులో యజమాని పుస్తకం తెరిచి, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. వదిన్ని కూడా చెడగొట్టావా అన్నాడు. కలం మూత మాత్రం తియ్యలేదు.

“నువ్వు కళ్ళారా చూశావా?”

అవునంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఈ ఒక్కటీ కల్తీ లేకుండా ఉండాలనిపించింది.

“లేదు. అప్పుడు వదిన ముఖం చూస్తున్నా.”

వదిన తల పట్టుకుంది. “ఇరవై ఏళ్ళుగా లేనిది, నిజం చెప్పడానికి ఇవాళే దొరికిందా నీకు?”

ఇద్దరూ కూడబలుక్కుని వస్తే ఇతను చూడలేదనడని యజమానికి తట్టింది. కలం తెరిచి, చూసినవారి గడిలో వదిన పేరు రాశాడు. ముందు నిండిన నోరూ, తర్వాత ఖాళీ నోరూ చూశావు కదా, అంతమట్టుకు సంతకం పెట్టమని పుస్తకం అతనివైపు తిప్పాడు.

కోతలరాయుడు వంకరటింకరగా పెట్టాడు. బయట వదిన తడి దుస్తులు ఆరేస్తూ, ఎంత లేదన్నా వెయ్యి పిల్లలుంటాయని పడవ నడిపే తాతకు చెబుతోంది. వందలే కదా అని సరిదిద్దబోయి, అతను ఊరుకున్నాడు.