వసుంధర గారి చివరి యార్డ్ సేల్

గరాజ్ నేల మీద కూర్చుని అట్టముక్క మీద లావుపాటి మార్కర్‌తో అక్షరాలు దిద్దుతుంటే, ఆ సిరా ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపు శనివారం మా ఇంటి ముందు యార్డ్ సేల్. ఇంట్లో అక్కర్లేని సామానంతా బల్లల మీద పరిచి, దారిన పోయేవాళ్లకు చవగ్గా అమ్మేసే ఈ పని కెనడా తూర్పు తీరంలోని మా హాలిఫాక్స్‌లో చాలామంది మే నెలలో పెట్టుకుంటారు, మంచు కరిగి ఇళ్లు సర్దుకునే రోజుల్లో. మా ఆయన శ్రీధర్ తలుపు దగ్గర నిలబడి, అందరిలా మేలోనే కానిచ్చేస్తే పోయేది కదా అన్నాడు. "మే అమ్మేవాళ్ల నెల. సెప్టెంబర్ కొనేవాళ్ల నెల," అన్నాను. అన్నాక చేతిలోని మార్కర్ ఆగిపోయింది. ఆ మాట నాది కాదు. అది వసుంధర గారి మాట. అక్షరం నా అరచెయ్యంత ఉండాలనీ, బోర్డు మీద నాలుగు మాటలకు మించి రాయకూడదనీ, కారు నడిపేవాళ్లు ఒక్క చూపులో చదివేయాలనీ నాకు నేర్పింది కూడా ఆమే. ఆమె పోయి రెండేళ్లయింది. ఈ ఊళ్లో నేను ఏది నేర్చుకున్నా దాని వెనక ఎక్కడో ఆమె ఉంది. ఆమె నేర్పిన దానితోనే ఆమె మనసు కష్టపెట్టిన రోజు కూడా ఒకటి ఉంది. ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నేను జగిత్యాల నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి అప్పటికి అయిదు రోజులు. రెండు సూట్‌కేసులు తప్ప గదిలో ఏమీ లేవు. నేల మీద దుప్పటి పరుచుకుని, సూట్‌కేసును బల్లగా పెట్టుకుని చదువుకుంటున్నాను. నా రూమ్మేట్ శిరీష కరెంటు స్తంభానికి కట్టిన బోర్డు చూసి నన్ను లాక్కెళ్లింది. హార్బర్ వైపు నుంచి పొగమంచు వీధంతా కమ్మేసి ఉంది. ఆ మంచులో ఒక పాత చెక్క ఇంటి ముందు వరసగా బల్లలు, వాటి మీద గిన్నెలు, కుర్చీ దిండ్లు, ఇస్త్రీపెట్టెలు. ఒక టేబుల్ ల్యాంప్ చేతిలోకి తీసుకుని, ఇది వెలుగుతదో లేదో ఎట్ల తెలుస్తదని శిరీష చెవిలో అన్నాను. "అదిగో, అక్కడ ప్లగ్గుంది. పెట్టి చూసుకో అమ్మా," అని వెనక నుంచి గుంటూరు వైపు తెలుగు వినిపించింది. తిరిగి చూస్తే నెరిసిన జుట్టు ముడి, చీర మీద మగవాళ్ల రెయిన్‌కోటు, కాళ్లకు రబ్బరు బూట్లు. ఆమె ఇంటి కిటికీలోంచి ఒక పొడుగాటి వైరు లాగి వాకిట్లో ప్లగ్గు ఏర్పాటు చేసి ఉంచారు. అలా చేసినవాళ్లను అప్పటికి గానీ ఆ తర్వాత గానీ నేను ఎక్కువమందిని చూడలేదు. ల్యాంప్ వెలిగింది. దాంతో పాటు ఒక అన్నం గిన్నె, ఒక మడత కుర్చీ కొన్నాను. పరుపు మాత్రం ఆమె డబ్బు తీసుకోకుండా తన కారు మీద కట్టి మా గదికి చేర్చారు.

వసుంధర గారి భర్త యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నేను వెళ్లేసరికే ఆయన పోయి మూడేళ్లు. ఆమె ఒక హాస్పిటల్ లైబ్రరీలో పని చేసి రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు, రవి, కాల్గరీలో ఇంజనీరు. చదువు ముగించుకుని టొరంటో వైపు వెళ్లిపోయే పిల్లలు తీసుకెళ్లలేని సామానంతా ఆమె గరాజ్‌లో వదిలేసి వెళ్లేవారు. ఆమె వేసవంతా కూర్చుని వాటిని కడిగి, తుడిచి, ఊడిన కాళ్లకు మరలు బిగించి, సెప్టెంబర్ మొదటి శనివారం కొత్తగా వచ్చిన పిల్లలకు అమ్మేవారు. వచ్చినదాంతో ఆ చలికాలానికి బూట్లు లేనివాళ్లకు బూట్లు కొనిపెట్టేవారు. మరుసటి ఏడు నుంచి నేనూ ఆమె పక్కన చేరాను. శ్రీధర్‌తో పెళ్లయి, హాస్పిటల్ ఫార్మసీలో ఉద్యోగం వచ్చి, ఊరి శివార్లలో బెడ్‌ఫర్డ్‌లో ఇల్లు కొనుక్కున్నాక కూడా ఆ శనివారం మాత్రం నాకు ఇంకే పనీ ఉండేది కాదు.

ఆమె దగ్గర ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండేది. ఏ వస్తువూ నేల మీద పెట్టనిచ్చేవారు కాదు. వంగి చూసే ఓపిక ఎవరికీ ఉండదు, నడుమెత్తు బల్ల మీద పెట్టు అనేవారు. పనిముట్లూ, సైకిలూ రోడ్డు వైపు పెట్టించేవారు, కారు అక్కడే స్లో అవుతుందని. పొగమంచు విడేదాకా పుస్తకాలు బయటికి తీయనిచ్చేవారు కాదు. ప్రతి వస్తువు మీదా ధర అతికించాల్సిందే. ఒకసారి బద్ధకించి ఒక బల్ల మొత్తం అలాగే వదిలేస్తే నన్ను పక్కకు పిలిచారు. "ధర అడగడానికి సిగ్గుపడేవాళ్లు ఉంటారు స్వప్నా. చేతిలో ఎంతుందో వాళ్లకే తెలుసు. అడిగి, కొనలేక, పెట్టేసి పోవాలంటే ఎంత చిన్నతనం," అన్నారు. ఈ ఊళ్లో దిగి అయిదు రోజులైన అప్పటి నన్ను గుర్తు చేసుకుని ఆ బల్ల మీద స్టిక్కర్లన్నీ గబగబా అతికించాను. ఎదుటివాళ్ల చిన్నతనాన్ని వాళ్లకంటే ముందే కనిపెట్టి దాన్ని తప్పించడం ఆమెకు అలవాటు. ఫార్మసీ కిటికీ దగ్గర మందు ఖరీదు విని వెనక్కి తగ్గేవాళ్లతో నేను ఈ రోజు మాట్లాడే తీరు ఆ బల్లల దగ్గర నేర్చుకున్నదే.

అన్నిటికంటే గట్టి రూలు ఒకటుంది. వస్తువు కథ చెప్పకూడదు. ఒక ఆగస్టు మధ్యాహ్నం గరాజ్‌లో కెటిల్ తోముతూ దాని సంగతి చెప్పారు. అంకుల్ పోయిన ఏడాది మొట్టమొదటి సేల్ పెట్టినప్పుడు, ఆయన మంచు బూట్లు ఒకతను తొడుక్కుని చూసుకుంటున్నాడట. సరిగ్గా సరిపోయాయి. ఈవిడ ఉండబట్టలేక, అవి తన భర్తవనీ, ఒక్క చలికాలమే వేసుకున్నారనీ, ఆస్పత్రికి వెళ్లేటప్పుడు కూడా అవే కాళ్లకున్నాయనీ చెప్పేశారట. అతను నెమ్మదిగా విప్పి, జత కలిపి బల్ల మీద పెట్టి, సారీ చెప్పి వెళ్లిపోయాడు. "కథ చెప్తే వస్తువు బరువెక్కుతుంది. కొనేవాడు మోయలేడు," అన్నారు. నేను అది బాగా గుర్తుపెట్టుకున్నాను. అంత బాగా గుర్తుపెట్టుకోకపోయినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మూడేళ్ల కిందట ఆమె మోకాళ్లు మొరాయించాయి. మెట్లెక్కలేక, తనంతట తనే నిర్ణయించుకుని ఇల్లు అమ్మకానికి పెట్టి, హార్బర్ అవతలి ఒడ్డున డార్ట్‌మత్‌లో, ఫెర్రీ పడవ దిగగానే ఉండే ఒక చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నారు. ఈసారి సేల్ మొత్తం నువ్వే నడుపు, నేను కుర్చీలో కూర్చుంటానన్నారు. ఆ ఏడు బల్లల మీద పిల్లలు వదిలేసిన సామాను లేదు. అంతా ఆమె ఇంటి సామానే. సోమవారం ఇంటి తాళాలు ఇచ్చేయాలి. మిగిలినదాని కోసం మధ్యాహ్నం రెండింటికి వ్యాన్ వస్తుంది. నేను ఆమె పద్ధతులన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. ఎండ కాస్తోంది, జనం కిటకిటలాడుతున్నారు, పదకొండింటికే సగం బల్లలు ఖాళీ. అంత బాగా జరిగిన సేల్ ఆ వాకిట్లో ఎప్పుడూ లేదు. నాకు గర్వంగా ఉంది.

ఆమె వంట సామాను బల్ల పక్కన కూర్చుని ఉన్నారు. కాసేపటికి గమనించాను, అక్కడ మాత్రం ఏదీ కదలడం లేదు. ఆమె ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, వచ్చినవాళ్లకు ఏదో చెబుతున్నారు. వెనక నలుగురైదుగురు ఆగి ఉన్నారు. నేను దగ్గరికి వెళ్లేసరికి ఒక తెలుగమ్మాయి, మొహం చూస్తేనే వారం కిందట దిగినట్టుంది, ఆకుపచ్చ రంగు పాత ఫ్లాస్కు పట్టుకుని నిలబడి వింటోంది. ఆంటీ చెబుతున్నారు. పెళ్లయి ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం. మాంట్రియల్ నుంచి ఇక్కడికి రైల్లో వస్తున్నారు. అంకుల్ ఉద్యోగంలో చేరడానికి ముందే వచ్చేశారు, ఈవిడ ఒక్కతే. ఏడో నెల. దారిలో మంచు పడి రైలు ఆగిపోయింది. భాష సరిగ్గా రాదు, కడుపులో నొప్పి మొదలైంది. ఎదురు సీట్లో ఒక ముసలావిడ ఉంది. "ఆవిడ లేచొచ్చి నా పక్కన కూర్చుంది. ఈ ఫ్లాస్కు మూత తిప్పుతూ నా చెవిలో ఒక మాటంది," అన్నారు ఆంటీ. ఆ అమ్మాయి, "ఏమన్నారు ఆంటీ?" అంది. అప్పుడే నేను అడ్డం వచ్చాను.

"ఆంటీ, వస్తువు కథ చెప్పకూడదని మీరే కదా చెప్పింది. వెనక లైనుంది," అన్నాను. నవ్వుతూనే అన్నాను. కానీ అందరూ వినేట్టు అన్నాను, చేత్తో ఆ అమ్మాయికి డబ్బుల డబ్బా వైపు దారి కూడా చూపించాను. ఆంటీ నా వైపు చూశారు. కోపం లేదు. చెయ్యి జారి ఏదో పడేసిన మనిషి చూసే చూపది. "అవునమ్మా, నా రూలేగా," అన్నారు. తర్వాత ఆ అమ్మాయితో, "తీసుకో. వేడి బాగా ఆగుతుంది," అన్నారు. అంతే. ఆ మధ్యాహ్నమంతా ఎవరేమడిగినా ధర చెప్పారు తప్ప మరో మాట లేదు. వ్యాన్ వచ్చేసరికి మిగిలింది రెండు పెట్టెల సామానే. బాగా చేశావని నా భుజం తట్టారు. ఆ మెచ్చుకోలుకు నేను సంతోషించాను కూడా.

నేనేం చేశానో ఇంటికి వెళ్లాక, స్నానం చేస్తుంటే తెలిసింది. అన్నేళ్లూ ఆమె అమ్మింది ఇతరులు వదిలేసిన సామాను. ఆ రోజు పోయింది తన జీవితం. కొనేవాళ్ల కోసం కాదు, సాగనంపడానికి చెప్పుకుంటున్నారు. వెంటనే ఫోన్ చేయాల్సింది. చేయలేదు. క్షమాపణ అడిగితే చిన్న విషయాన్ని పెద్దది చేసినట్టవుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నెల తర్వాత డార్ట్‌మత్ వెళ్లినప్పుడు, కాఫీ తాగుతూ, ఆ రైల్లో ముసలావిడ ఏమందని అడిగాను. ఆమె కిటికీలోంచి అవతలి ఒడ్డు చూస్తూ, "ఇప్పుడెందుకులే. ఆ ఫ్లాస్కు చేతిలో ఉంటే నోట్లోకి మాటలు అవే వచ్చాయి. ఇప్పుడు ఏం చెప్పినా చప్పగా ఉంటుంది," అన్నారు. ఇంకోసారి అడగాలనుకున్నాను. ఆ చలికాలం ఫార్మసీలో షిఫ్టులు ఎక్కువయ్యాయి, ఫెర్రీ దాటడమే కుదరలేదు. ఫిబ్రవరిలో ఆమెకు స్ట్రోక్ వచ్చింది. మాట పోయింది. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే నొక్కేవారు. అడగడానికి నాకు నోరు రాలేదు, చెప్పడానికి ఆమెకు మాట లేదు. ఏప్రిల్లో వెళ్లిపోయారు.

ఆ అమ్మాయి కోసం వెతికాను. స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టించాను. ఎవరూ పలకలేదు. దొరికినా ఆమెకూ అంతవరకే తెలుసు. అంత్యక్రియలయ్యాక రవి వాళ్ళమ్మ అపార్ట్‌మెంట్‌లో పెట్టెలు సర్దుతుంటే సాయం వెళ్లాను. తనకు తెలుగు అర్థమవుతుంది, ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. చిన్నప్పుడు స్కేటింగ్‌కు వెళ్తే అమ్మ ఒక గ్రీన్ ఫ్లాస్కులో హాట్ చాక్లెట్ పోసిచ్చేదని, అదెక్కడా కనబడలేదేమని అడిగాడు. నాన్న ఎక్కడో కొన్నాడనుకుంటానన్నాడు. కాదని చెప్పాను. రైలు సంగతి చెప్పాను, మంచు, ఏడో నెల, నొప్పి, ఎదురు సీట్లోంచి లేచొచ్చిన ముసలావిడ. కడుపులో ఉన్నది తనేనని అతనికి అర్థమయ్యే కొద్దీ చేతిలోని టేపు కింద పెట్టేసి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అతనికి ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ చెవిలో ఏదో అందని చెప్పి ఆగాను. "అండ్ దెన్?" అన్నాడు. యాభై ఏళ్ల మనిషి మొహం చిన్నపిల్లాడిలా అయిపోయింది. "అక్కడ నేనే ఆపేశాను రవీ," అన్నాను. ఎలా ఆపానో కూడా దాచకుండా చెప్పాను. అతను లేచి, టేపు చివర వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

రేపు నేను అన్నీ ఆమె చెప్పినట్టే చేస్తాను, ఆ ఒక్క రూలు తప్ప. ఇతరుల సేల్‌కు వెళ్లినా, ఇది మీకు ఎక్కడిదని అడుగుతాను. చెప్పడం మొదలుపెట్టినవాళ్లను చివరిదాకా వింటాను, ఎంత పొద్దుపోయినా. అది ప్రాయశ్చిత్తమని అనుకోను. రవికి ఇవ్వాల్సింది అలా తీరేది కాదు. ఒక్కోసారి ఫార్మసీ నుంచి నడిచి వస్తూ ఆ ముసలావిడ ఏమని ఉంటుందో ఊహించుకుంటాను. భయపడకు అని ఉండొచ్చు. తాగు, వెచ్చగా ఉంటుంది అని ఉండొచ్చు. తనూ ఒకప్పుడు ఇలాగే ఒంటరిగా వచ్చానని చెప్పి ఉండొచ్చు. ఎన్ని రకాలుగా అల్లుకున్నా, అందులో ఏ ఒక్కటీ ఆంటీ గొంతుతో వినిపించదు.