ఆకాశానికి రెండు, నేలకు పదహారు

వీధిలో అందరూ ఆమెను నవ్వొద్దక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా బస్టాండు ఎదురుగా ఒంటిగది స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ, స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషికీ ఆమె చెప్పిన మాట అదొక్కటే. ఆమె ముందు నవ్వు మింగిన జనాన్ని వరుసగా నిలబెడితే ఆ వరుస సముద్రం దాకా పోయి, చివరివాళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడాల్సి వస్తుంది. ఆ ముఖాలన్నిటి వెనకా ఒకటే తెల్లగుడ్డ. దాని మీద మడత కనబడకూడదు, నీడ పడకూడదు, వెనక ప్రపంచమే లేనట్టుండాలి. ఆ విద్యలో ఆమెను కొట్టేవాళ్లు లేరు. ఆ విద్యే కొంప ముంచబోయింది. ఆమెది కాదు, వాళ్ల అక్కది.

అక్క ఇల్లు కొండకు ఉత్తరాన, దాని కాళ్ల దగ్గర ఉంది. సూర్యుడు ఎప్పుడూ కొండకు అవతలే. అక్కడున్న పదకొండు ఇళ్ల మీద నీడ ఎంత చిక్కనిదంటే, పట్టపగలు కోళ్లు కూడా గడప తడుముకుని దాటుతాయి. కొండ వెనక రాతి క్వారీ. రోజూ నాలుగింటికి సైరన్ కూస్తుంది, మూడు నిమిషాలకు మందు పేలుతుంది. సైరన్ వినగానే పదకొండు ఇళ్లవాళ్లూ రోడ్డు మీదికి వచ్చి నిలబడతారు. పేలాక లోపలికి వెళ్లి గిన్నెలు సర్దుకుంటారు. రెండు నెలల కిందట కొండ కొమ్ము దగ్గర పగులు బయటపడింది. కొమ్ముకూ కొండకూ మధ్య నుంచి ఆకాశం సన్నటి వెలుతురు గీతలా కనిపించేది. పేలినప్పుడల్లా ఆ గీత లావెక్కుతోందని అక్క గోల. అది పుట్టుకతోనే ఉందని క్వారీవాళ్ల వాదన.

గనుల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు ఒక దారి చూపించాడు. ఒకే నెగెటివ్‌లో పైన పగులూ, కింద ఇల్లూ, ఇంటి గుమ్మంలో నిలబెట్టిన కొలకర్రా కనబడాలి. కర్ర పొడవును బట్టి పగులు ఎంతో లెక్కకట్టి, ప్రమాదమని తేలితే ఆ పూటే పేలుళ్లు ఆపించేస్తానన్నాడు. బుధవారం ఉదయం పదింటికి గడువు. అది దాటితే మధ్యాహ్నం నుంచే క్వారీవాళ్లు రెట్టింపు మందు కూరొచ్చు.

నా చెల్లెలు లేదూ, అని అక్క ఆఫీసులోనే గొప్పలు పోయింది. చెల్లెలూ తక్కువ తినలేదు. కొండంత ముఖాలు ఎన్నో చూశాను, ఈ కొండ ముఖం ఒక లెక్కా అంది.

మొదటి ఫొటోకు ఆమె ఇంటి గోడనే ముఖం అనుకుంది. వెలుతురు కొలిచే లైట్ మీటరు గోడకు పెట్టి, పద్దెనిమిదేళ్ల అలవాటు కొద్దీ ఫొటో తీసేసింది. గోడ మీద పెచ్చులు సైతం లెక్కపెట్టుకునేలా వచ్చాయి. ఆకాశం తెల్లగుడ్డలా మడత లేకుండా వచ్చింది. చూసుకుని మురిసిపోయింది కూడా. ఇన్‌స్పెక్టరు భూతద్దం పెట్టి పైనంతా వెతికి, పగులేదమ్మా అని అడిగాడు. తెలుపు పొంగి రాతి అంచునూ కొమ్మునూ గీతనూ కలిపి మింగేసింది. పాస్‌పోర్టు ఆఫీసుకైతే ఆ కొండ విమానమెక్కడానికి సిద్ధంగా ఉన్నట్టే.

రెండోసారి ఆకాశానికి కొలిచి తీసింది. పగులు సూదితో గీసినట్టు వచ్చింది కానీ ఇళ్లు బొగ్గుల కుప్ప అయిపోయాయి. అసలు ఇక్కడ కాపురాలున్నాయా అని క్వారీ మేనేజరు నవ్వాడట. మూడోసారి చీకటి గదిలో ప్రింటు వేసేటప్పుడు, ఇళ్ల మీద వెలుతురు తక్కువ పడేలా చెయ్యి అడ్డం పెట్టింది. ప్రింటు మీద వెలుతురు తగ్గినచోట బొమ్మ తెల్లబడుతుంది కాబట్టి ఇళ్లు తేలాయి, కప్పుల చుట్టూ తెల్లటి మసక కూడా తేలింది. చేత్తో దిద్దిన బొమ్మ చెల్లదన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆకాశమూ నేలా నెగెటివ్‌లోనే కుదరాలన్నాడు.

సోమవారం సాయంత్రానికి డబ్బాలో రెండే ఫిల్ములు మిగిలాయి. వాళ్ల నాన్న వాడిన పెద్ద పెట్టె కెమెరా అది, ఒక్కో ఫిల్ముకు ఒక్కటే ఫొటో. ఆ సైజు ఫిల్ము ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. ఆమె అన్నం కంచం ముందు కూర్చుని తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ప్రింటు వేసేటప్పుడు నేలకు అడ్డం పెట్టిన చెయ్యి, ఫొటో తీసేటప్పుడు ఆకాశానికి అడ్డం పెడితే? లెన్సు ముందే వెలుతురును ఆపితే నెగెటివ్‌ను ఎవరూ దిద్దినట్టు కాదు. అన్నం చల్లారిపోయింది. ఆమె లేచి నల్ల అట్ట వెతుక్కుంది.

మంగళవారం రెండింటికల్లా రోడ్డు అవతల స్టాండు వేసింది. వెలుతురు నెమ్మదిగా పడేలా లెన్సుకు నల్లద్దం తొడిగి, లెన్సు కన్నును సన్నటి రంధ్రమయ్యేదాకా మూసి, మీటరుతో కొలిచింది. ఆకాశానికి రెండు సెకన్లు చాలు, నేలకు పదహారు కావాలి. కెమెరా వెనక అద్దంలో కొండ అంచు చూసుకుంటూ, దాని వంపు ప్రకారం అట్టను కత్తిరించింది. మొదటి రెండు సెకన్లు అంతా తెరిచి ఉంచాలి. తర్వాతి పద్నాలుగు సెకన్లు అట్టతో ఆకాశాన్ని కప్పాలి. కప్పి ఊరుకుంటే అట్ట అంచు గీతలా పడుతుంది కాబట్టి, బియ్యం చెరిగినంత మెత్తగా దాన్ని కదుపుతూనే ఉండాలి. చెయ్యి వేలెడు కిందికి జారినా ఇల్లు మళ్లీ చీకటే.

బావ స్టాండు కాళ్ల మీద రాళ్లు పేరుస్తూ, మరదలు పెళ్లినాడు కూడా ఇంత వణకలేదని వచ్చేపోయేవాళ్లకు చెబుతున్నాడు. ఆమె మాత్రం గంటసేపు వట్టి కెమెరాతో చెయ్యి సాధన చేసింది.

మూడుంబావుకు మొదటి ఫిల్ము. కొలకర్రను గుమ్మానికి ఆనించారు. ఒకటి, రెండు, అట్ట దిగింది. తొమ్మిదో అంకె దగ్గర కర్ర దానంతటది పక్కకు జారి గడప మీద పడింది. ఆమె అంకె ఆపలేదు, చెయ్యీ ఆపలేదు, పదహారు దాకా వెళ్లింది. కానీ లెన్సుకు మూత పెట్టేటప్పుడు ఆమె ముఖం చూసి బావ ఈసారి జోకు వేయలేదు.

“కర్ర నేను పట్టుకుంటాలే,” అంది అక్క. “చెట్టులా నిలబడతాను. కదిలితే అడుగు.”

రెండో ఫిల్ము ఎక్కిస్తుండగా సైరన్ కూసింది. ఇంకా నాలుగు కాలేదు, అరగంట ముందే. రేపటి తొందర ఇవాళే మొదలెట్టినట్టున్నారు. పది ఇళ్ల తలుపులూ తెరుచుకుని జనం రోడ్డు మీదికి వచ్చేశారు. అక్క గుమ్మంలోనే ఉంది.

పేలాక తీద్దామన్నాడు బావ. పేలాక దుమ్ము దిగేసరికి పొద్దు వాలిపోతుంది. రేపు పదింటిలోపు ఫిల్ము కడగాలి, ఆరబెట్టాలి. అన్నిటికన్నా, పేలాక ఆ కొమ్ము అక్కడే ఉంటుందని ఎవరు రాసిచ్చారు? ఆమె ఫిల్ము పలక బిగిస్తూనే ఉంది. దాని గొళ్లెం ఒకసారి తప్పింది, రెండోసారి పడింది. అప్పటికే రెండు నిమిషాలు పోయాయి.

“ఏమే, దాన్ని రమ్మను,” అన్నాడు బావ. అతని గొంతులో పరిహాసం ఎక్కడా లేదు.

“పదహారు సెకన్లు, బావా. పిలిస్తే తల తిప్పుతుంది. పిలవకు.”

మూత తీసింది. ఒకటి. రెండు. అట్ట కొండ అంచు మీదికి దిగింది. మూడు, నాలుగు. అక్క రెండు చేతులతో కర్ర పట్టుకుని సూటిగా ఇటే చూస్తోంది. ఏడు. ఆమె మోచెయ్యి మంటెక్కింది. ఎనిమిది. అట్ట కిందికి జారబోతే మణికట్టుతో ఆపింది. పదకొండు. సైరన్ ఆగిపోయింది. కూత ఆగాక మిగిలేది అర నిమిషమేనని ఆ రోడ్డు మీద ప్రతివాళ్లకూ తెలుసు. పన్నెండు. బావ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. పద్నాలుగు. పదిహేను. పదహారు.

మూత పెట్టి ఆమె కేక వేసింది. ఆ కేకకు ఊరవతల రైలు ఆగిందని కొందరంటారు. వాళ్లు అబద్ధమాడేవాళ్లు కాదు. అక్క కర్ర వదిలేసి పరిగెత్తింది. రోడ్డు ఎక్కిందో లేదో, కొండ ఒళ్లు విరుచుకున్నట్టు మోగింది. పిడికిలంత రాళ్లు నాలుగు అక్క ఇంటి కప్పు మీద దబదబా పడ్డాయి. కొమ్ము మాత్రం ఊగి నిలబడింది.

ఆ సాయంత్రం ఆమె ఫిల్మును మందునీళ్లలో కడిగినంతసేపూ ఊపిరి తీసుకుందో లేదో నేను చెప్పలేను. దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే పైన గీత ఉంది, కింద గుమ్మం ఉంది, గుమ్మంలో అక్క ఉంది.

మర్నాడు తొమ్మిదిన్నరకే ఇన్‌స్పెక్టరు బల్ల ముందు అక్కాచెల్లెళ్లిద్దరూ నిలబడ్డారు. ఆయన నెగెటివ్‌ను వెలుతురు బల్ల మీద పరిచి, కర్రను మొదట కొలిచాడు. తర్వాత పగులును. పగులు పొడుగు ఆరు కర్రలకు పైనే తేలింది. ఆపుదల ఉత్తర్వు కాగితం లాక్కుని రాయడం మొదలెట్టాడు. అక్క చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సంతకానికి ముందు ఆయన ఇంకోసారి భూతద్దం వంచాడు, ఈసారి కింద.

“ఈ ఇల్లు ఎవరిదమ్మా?”

“మాదే సార్,” అంది అక్క.

ఆయన భూతద్దం ఆమె చేతికిచ్చాడు. ఇంటి వెనక, ఏనాడూ వెలుతురు చూడని రాతి మొదట్లో, కప్పు చూరు దాకా ఇంకో పగులు దిగి ఉంది. పుట్టి పెరిగిన కోళ్లకే కనబడని చీకట్లో పదహారు సెకన్లపాటు కెమెరా కన్నార్పకుండా చూసి దాన్ని పట్టింది.

“పేలుళ్లు ఇవాళ్టి నుంచి ఆగిపోతాయి. మీరు మాత్రం ఈ పూటే ఖాళీ చెయ్యాలి. మిగతా పది ఇళ్ల సంగతి వచ్చి చూస్తాను, వాటికీ ఇలాంటి ఫొటోలు కావాలి.”

పేలుళ్లు ఆగాలనే తప్ప ఇల్లు వదలాలని అక్క ఏనాడూ అనుకోలేదు. పరుపులు చుట్టింది, బావ సామాను బండికెత్తాడు. స్టూడియోలో తెల్లగుడ్డ జరిపి వాళ్లకు పక్కలు వేసుకోవడానికి చోటు చేశారు. మూడు రోజులు అక్క చెల్లెలికి అన్నం వడ్డించింది గానీ ఒక్క మాట ఆడలేదు. ఆ మూడు రోజులూ ఫొటోకు వచ్చినవాళ్లు అక్క ముఖం చూసి వాళ్లంతట వాళ్లే బిగుసుకుని కూర్చున్నారు.

నాలుగో రోజు వాన పట్టుకుంది. మధ్యాహ్నం బావ గొడుగు లేకుండా తడిసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇంటి వెనక రాయి కూలిందనీ, వంటగది దాని కింద ఉందనీ చెప్పాడు. అక్కడ ఎవరూ లేరని కూడా చెప్పాడు, అది అందరికీ తెలిసిందే అయినా.

అక్క వీధి వైపు చూస్తూ, తల తిప్పకుండానే చెల్లెల్ని అడిగింది.

“ఆ పది ఇళ్ల ఫొటోలకు ఫిల్ము ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నావుటే?”