కామొ అంటే పని

నిన్న రాయగడ బజారులో లారీకి పసుపు ఎక్కిస్తున్నారు. గోనెల్లోంచి లేచిన ఘాటు వాసనకి ఆగిపోయాను. ఆఖరి గోనె వేసిన కూలీ చేతులు దులుపుకుని "కామొ సరిలా" అన్నాడు. పని అయిపోయిందని ఒడియాలో దాని అర్థం. నాకు మాత్రం ఇప్పటికీ అయిపోలేదు.

తొమ్మిదో ఏడు వచ్చేవరకూ నానమ్మ నా సొత్తు. మా పసుపు కొట్టు వెనక అరుగు మీద, చాపల నిండా మామిడి తాండ్ర ఎండుతుంటే, ఈగలు తోలుతూ ఆవిడ ఒళ్లో తల పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం, రేకు డబ్బాలోంచి మొదటి ముక్క అందుకోవడం, అన్నీ నావే. ఆ వేసవిలో విజయనగరం నుంచి మేనత్త కూతురు సరోజ దిగింది. ఒడియా బడిలో చదివే నేను తెలుగు కూడబలుక్కునేదాన్ని. అది గడగడా చదివేది. చూపు మందగించిన నానమ్మ పురాణం పుస్తకం దాని చేతికిచ్చింది. తాండ్ర ముక్కా దానికే. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు సరోజ "రాజు కామంతో కళ్లు మూసుకుపోయి" అని చదివింది. తెలిసిన మాట దొరికిందన్న సంబరంతో అడ్డుపడ్డాను.

"పాపం, పని ఎక్కువైపోయి నిద్దరొచ్చేసింది! మా నాన్నకీ పొద్దున్నుంచీ కామమే కదా!"

వంటింట్లో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సరోజ విరగబడి నవ్వింది. దానికి తెలిసిన మాట నాకు తెలియకపోవడమా!

నానమ్మ నవ్వాపుకుని, "అది వేరే కామం అమ్మీ. ఒక మనిషి నాకే కావాల, ఇంకెవులికీ దక్కకూడదనిపించి కళ్లు కనపడవు సూడు, అదీ" అంది.

ఆ లెక్కన ఆ రాజుకీ నాకూ తేడా లేదు.

మర్నాడు సరోజ స్నానానికి వెళ్లినప్పుడు పుస్తకాన్ని మూతి కుట్టని పసుపు గోనెలోకి తోసేశాను. సాయంత్రం తీసేద్దామనుకున్నాను. లేదు, అబద్ధం, అనుకోలేదు. ఇల్లంతా వెతుకుతుండగానే గోనె కుట్టేశారు, లారీకి ఎక్కించేశారు. "కామొ సరిలా" అన్నాడు కూలీ.

సరోజ వెళ్లిపోయింది. నానమ్మ మళ్లీ నాదే అయింది, తాండ్ర డబ్బాతో సహా. కానీ సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడల్లా, "ఆ రాజు ఏటైపోయేడో అమ్మీ, సరోజుంటే సదివీది" అనేది. మరుసటి వేసవికి ఆవిడ లేదు.

ఇప్పుడు ఆ అరుగూ లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. నిన్న లారీ కదిలేదాకా బజారులోనే నిలబడ్డాను. తెలుగు నేనూ గడగడా చదువుతానిప్పుడు. వినడానికి నానమ్మ లేదు. ఆవిడ ఆఖరిసారి విన్న కథ సరోజ గొంతులోదే.