ఇంకో మూత

నందిగామలో సుబ్బరాయుడి పురుగుమందుల కొట్టుకొచ్చే రైతు చేతిలో సంచీ ఉన్నా లేకపోయినా, జేబులో ఓ ఆకో కాయో తప్పకుండా ఉంటుంది. శెట్టిగారు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, గోటితో గీకి, వాసన చూసి, డబ్బా తీసి బల్ల మీద పెడతాడు. ఆయన చదివింది కామర్సు. దర్జా మాత్రం పెద్దాసుపత్రి డాక్టరుది.

ఎంత మందు కలపాలో డబ్బా మీద అచ్చేసే ఉంటుంది. దాన్ని ఆయన ఏనాడూ లెక్కచేసిన పాపాన పోలేదు. “వాళ్లు రాసింది రాసుకోనీయండి. మీరు ఇంకో మూత వేసుకోండి, పనిచేసిద్ది” అనేవాడు. ఆయన భోజనానికి లేచిన వేళ ఎవరైనా వస్తే, కొట్టు వెనక వాటాలోంచి భార్య నాగవల్లి వచ్చి డబ్బా ఇచ్చి, ఆ మాట కూడా తనే అనేసేది. రైతులు నవ్వుకునేవాళ్లు. నవ్వుకుంటూనే ఇంకో మూత వేసేవాళ్లు.

మిరప కోతలు అయ్యాక, కళ్లం నుంచి ఓ బస్తా ఎండుకాయలు తెచ్చి శెట్టిగారింట్లో దించడం వాళ్లకి ఆనవాయితీ. పైరును నిలబెట్టినందుకు అదో మర్యాద. నాగవల్లి పెరట్లో చాప పరుచుకుని, కొంగు ముక్కుకు చుట్టుకుని, బూజు పట్టిన తాలుకాయలు ఏరి పారేసి, తొడిమలు తీసి, ఏడాదికి సరిపడా కారం పట్టించేది. ఆ రోజుల్లో ఇల్లంతా దగ్గేది. మిరపకాయల దగ్గర దగ్గని వాళ్లెవరు?

ఈ ఏడు ఆమె దగ్గు వానలొచ్చినా పోలేదు. ఎప్పుడో వచ్చి తగ్గిన క్షయ ఆమె ఊపిరితిత్తిలో ఓ గుంటను మిగిల్చిపోయింది. ఆ గుంటలో బూజు ఉండకట్టిందని విజయవాడలో డాక్టరమ్మ స్కానింగు చూసి చెప్పి, మాత్రలు రాసింది. నెలలు గడిచాయి. దగ్గుతో పాటు నెత్తురు పడడం మొదలైంది.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ నాగవల్లిని రక్తపరీక్షకి పంపి, సుబ్బరాయుణ్ని కూర్చోమంది.

“మీరేం చేస్తుంటారండీ?”

“పురుగుమందుల వ్యాపారమండి.”

ఆవిడ రిపోర్టు ఆయన వైపు తిప్పింది.

“పొలాల్లో బూజు తెగుళ్లకి కొట్టే మందులు కొన్నీ, నేను ఆవిడకిచ్చిన మాత్రలూ ఒకే జాతివండి. పొలంలో వాటిని తట్టుకుని బతికిన బూజు మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరితే, మా మాత్రలకి లొంగట్లేదు. చాలా దేశాల్లో పరిశోధకులు ఈ సంగతి కనిపెట్టారు. ఆవిడ కఫంలో పెరిగింది అలాంటి బూజే.”

“మా ఇంటికొచ్చిన మిరపకాయల్నించేనంటారా?”

“చెప్పలేనండి. గాల్లో ఎక్కణ్నించైనా రావచ్చు. ఇక మిగిలింది ఇంజెక్షన్లే. వాటిని కిడ్నీలు తట్టుకోవాలి. ఆవిడకి షుగరుంది, కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిన్నాయి. సోమవారం తీసుకురండి, మొదలుపెట్టి చూద్దాం.”

చెప్పలేనన్న ఆ మాటే ఆయన్ని తినేసింది. అవునని ఉంటే కుమిలి ఏడ్చేవాడు, కాదని ఉంటే ఊపిరి పీల్చుకునేవాడు. బస్సులో నాగవల్లి “ఏమందండీ?” అని అడిగితే, “మందు మారుస్తారంట” అని మొహం తిప్పుకున్నాడు. కంచికచర్ల దాటాక మిరప చేలల్లో, వీపులకి ట్యాంకులు తగిలించుకున్న మనుషులు మందు కొడుతున్నారు. ఏటా చూసేదే. ఈసారి ఆయన కిటికీ అద్దం మూసేశాడు. ఆ తుంపర కింద చావకుండా మిగిలిందేమిటో, అది ఏ గాలికి ఎవరింటికి పోతుందో తలుచుకుంటే భయమేసింది. ఆ చేలల్లో సగానికి మందు వెళ్లింది ఆయన కొట్టు నుంచే.

మర్నాడు పొద్దున చిల్లకల్లు నుంచి భవానీప్రసాద్ వచ్చాడు. ఏటా మొదటి బస్తా తెచ్చేది ఆయనే. జేబులోంచి నల్లమచ్చల కాయ తీసి బల్ల మీద పెట్టాడు.

“శెట్టిగారూ, నిరుడు మీ మందుకి ఆగిందండి. ఈ ఏడు ఎంత కొట్టినా కాయకుళ్లు ఆగట్లా. ఏం చేయమంటారు?”

సుబ్బరాయుడు కాయను ముట్టుకోలేదు. “ఆ మందు లేదండీ” అన్నాడు.

“భలేవారే, మీ వెనకే ఉందిగా!”

ఆయన వెనక అరనిండా అవే డబ్బాలు, డాక్టరమ్మ చెప్పిన జాతివే. ఉన్నదంతా చెప్పేయాలనిపించింది. చెబితే వెనక వాటాలో మంచం మీదున్న మనిషికి వినబడుతుంది. తన మాత్ర ఎందుకు పనిచేయలేదో ఆమెకింకా తెలియదు.

లోపల దగ్గు తెర ఒకటి వచ్చి ఆగింది. భవానీప్రసాద్ గొంతు పోల్చుకున్న నాగవల్లి, రొప్పుతూనే, అలవాటు కొద్దీ కేకేసింది.

“ఇంకో మూత వేసుకోమనండీ!”

భవానీప్రసాద్ నవ్వి, బల్ల మీంచి వంగి, తనే డబ్బా అందుకున్నాడు.